వేటాడవలెనా, వేటాడవచ్చునా?
(విస్కాన్సిన్ తోడేళ్ళ చట్టమును గూర్చి కొన్ని ఆలోచనలు)

గడచిన సంవత్సరము మన కళాశాల వక్తృత్వ పోటీలకు న్యాయనిర్ణేతలలో ఒకరుగా కూర్చుండు అవకాశము మాకు లభించినది. "తోడేళ్ళ వేటను చట్టము అనుమతింపవలెనా?" అనునది నాటి చర్చాంశము. అంశమును ఎంచినవారు జంతుశాస్త్ర శాఖవారు. తెలుగు పంతులును న్యాయనిర్ణేతగా కూర్చుండబెట్టినవారు మాత్రము ఎవరో నేటికిని తెలియదు. అనుకూల పక్షమువారు రైతు కన్నీటిని, ప్రతికూల పక్షమువారు ప్రకృతి సమతౌల్యమును చేతబట్టి గంటసేపు పోరాడినారు. చప్పట్లు మ్రోగినవి. మేము ప్రతికూల పక్షమునకు బహుమతి ఇచ్చినాము. సభ ముగిసిన పిమ్మట రెండవ సంవత్సరము చదువుచున్న ఒక విద్యార్థిని మా యొద్దకు వచ్చి, "వేట మొదలైన తరువాత ఇక చాలు అని చెప్పవలసినది ఎవరు సార్? ఆ మాట రెండు పక్షాలవారూ చెప్పలేదే!" అని అడిగినది. మాకు సమాధానము తోచలేదు. ఇంటికి పోయి, దొరికినంత మేరకు చదువ నారంభించినాము. ఈ వ్యాసము ఆ చదువు వలన కలిగినది. నాడు బహుమతి పొందినవారు మమ్ము మన్నింతురని ఆశించుచున్నాము.

తోడేలు సాహిత్యములో నిందపడని చోటు అరుదు. ఏటి నీరు ఎంగిలి చేసితివని గొర్రెపిల్లపై నేరము మోపి, దానిని తినివేసిన తోడేలు కథను మనమందరము చిన్న తరగతుల వాచకములలో చదివినవారమే. ఉర్దూ, ఫారసీ సాహిత్యములతో పరిచయము గల మన విద్యార్థులకు మరియొక తోడేలు కూడ తెలియును. యూసుఫ్‌ను బావిలో పడద్రోసిన అన్నలు నెత్తురు పూసిన అంగీని తండ్రికి చూపి, తమ్ముని తోడేలు తినివేసినదని చెప్పినారు. ఆ తోడేలు ఏ పాపమును ఎరుగదు. అసలది ఆ చోట లేనే లేదు. చేయని నేరమునకు నింద మోసిన వానికి ఆ తోడేలు పేరు సామెతగా నిలిచినది. కావున కథలలో మనకు రెండు తోడేళ్ళు ఉన్నవి: ఒకటి నిజముగా అపరాధి, రెండవది నిరపరాధి. చర్చావేదికపై మన విద్యార్థులు ఒక్కొక్క పక్షమువారు ఒక్కొక్క తోడేలును పంచుకొన్నారు. శాసనసభలలో కూడ ఇంచుమించు ఇదే జరుగుచున్నదని చదివిన కొలదిని మాకు తెలియవచ్చినది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, ఉత్తర దిక్కున, మహాసరస్సుల తీరమున విస్కాన్సిన్ అను రాష్ట్రము ఉన్నది. పాడి పశువులకు పేరు మోసిన సీమ. అచ్చట 1865లోనే తోడేలును చంపితెచ్చిన వానికి ప్రభుత్వము బహుమానము ఇచ్చు పద్ధతి ఆరంభమైనది. ఆ పద్ధతిని 1957లో రద్దు చేసినారు. 1960 నాటికి ఆ రాష్ట్రములో తోడేలు జాతి అంతరించినదని తేలినది. అనగా, బహుమానము పుచ్చుకొనుటకు తగిన తోడేలు మిగులని కాలమునకు గాని బహుమానము రద్దు కాలేదు. ప్రభుత్వముల దయ తరచుగా ఇట్టి సమయములోనే మేలుకొనును.

1973లో అమెరికా కేంద్ర శాసనసభ అంతరించుచున్న జీవజాతుల రక్షణకు చట్టము చేసినది. మరుసటి ఏడు తోడేలు ఆ రక్షణ జాబితాలో చేరినది. పొరుగున ఉన్న మిన్నెసోటా అడవులలో మిగిలియుండిన తోడేళ్ళు 1970ల నడుమ తమంత తామే నడచి విస్కాన్సిన్‌లో ప్రవేశించినవి. వానిని ఎవరును బోనులలో తెచ్చి విడువలేదు. ఈ సంగతి మేము ప్రత్యేకముగా చెప్పుటకు కారణమున్నది. ఎల్లోస్టోన్ జాతీయ వనములో 1995, 1996 సంవత్సరములలో కెనడానుండి 31 తోడేళ్ళను తెచ్చి విడిచినారు. కొలరాడో రాష్ట్రములో 2020 నవంబరున ప్రజలు ఓటు వేసి స్వల్పమైన ఆధిక్యముతో నిర్ణయించిన మీదట, 2023 డిసెంబరులో 10 తోడేళ్ళను విడిచినారు. అట్టి చోట్ల "పట్టణమువారు తెచ్చి మా నెత్తిన పెట్టినారు" అని పల్లెవారు ఫిర్యాదు చేయుటకు కొంత ఆధారమున్నది. విస్కాన్సిన్‌లో ఆ ఆధారము లేదు. అచ్చటికి తోడేలు వచ్చినది కాదు, తిరిగి వచ్చినది. 2019-20 శీతకాలపు గణనలో వాని సంఖ్య కనీసము 1,034 అని తేలినది.

అమెరికాలో వన్యమృగముల పాలన సామాన్యముగా రాష్ట్రముల సొత్తు. ఒక జాతి కేంద్రము వారి రక్షణ జాబితాలో చేరినప్పుడు ఆ అధికారము కేంద్రమునకు పోవును. జాబితానుండి తొలగినంతనే మరల రాష్ట్రమునకు వచ్చును. మహాసరస్సుల ప్రాంతపు తోడేలు విషయములో ఈ రాకపోకలు బంతులాటను తలపించును. 2012 జనవరిలో తొలగించినారు. ఆ ఏటి నుండి మూడు ఋతువులు వేట సాగినది. విస్కాన్సిన్‌లో వరుసగా 117, 257, 154 తోడేళ్ళు చచ్చినవి. 2014 డిసెంబరులో ఒక న్యాయస్థానము మరల రక్షణ కల్పించినది. 2021 జనవరి 4న రక్షణ మరల తొలగినది. 2022 ఫిబ్రవరి 10న కాలిఫోర్నియాలోని కేంద్ర న్యాయస్థానము తీర్పుతో మరల వచ్చినది. అధికారము ఎవరి చేతనున్నదో తెలియుటకు అడవిలోని తోడేలునకు పంచాంగము కావలెను.

ఇప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు వత్తుము. 2012 ఏప్రిలులో విస్కాన్సిన్ శాసనసభ ఒక చట్టము చేసినది. కేంద్రము తోడేలును జాబితానుండి తొలగించిన పక్షమున, రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖ వేటను అనుమతింపవలెను అని ఆ చట్టము చెప్పుచున్నది. వేటగాండ్ర సంఖ్యకును, చంపదగిన తోడేళ్ళ సంఖ్యకును ఆ శాఖ పరిమితి విధింపవచ్చును అనియు అదే చట్టము చెప్పుచున్నది. మేము వృత్తిరీత్యా భాషను బోధించువారము. పరీక్ష పత్రములలో విద్యార్థులు "వలెను", "వచ్చును" అను రెండింటిని తారుమారు చేసినప్పుడు ఎర్ర సిరాతో గీత గీయుట మాకు నిత్యకృత్యము. ఆ రెండు ప్రత్యయముల భేదము ఇంత ప్రాణాంతకమని మాకు ఇదివరకు తోచలేదు. ఆంగ్లములో "షల్", "మే" అను రెండు చిన్న మాటలు. చంపుట "షల్" క్రిందను, లెక్కపెట్టి ఆపుట "మే" క్రిందను చేరినవి. విధి ఒకటి, విచక్షణ ఒకటి. విధి వెంట న్యాయస్థానమునకు పోవచ్చును. విచక్షణ వెంట పోవుట కష్టము.

సరిగ్గా అట్లే జరిగినది. 2021 జనవరిలో రక్షణ తొలగినప్పుడు రాష్ట్ర శాఖవారు తొందరపడలేదు. నవంబరు వరకు ఆగి, శాస్త్రజ్ఞులతోను, తెగల పెద్దలతోను సంప్రదించి, ప్రణాళిక వేసికొని వేట జరుపుదుమన్నారు. చట్టము ప్రకారము వేటకాలము ఫిబ్రవరి మాసాంతము వరకు ఉన్నది గదా, ఇంకను దినములు మిగిలియున్నవి గదా, అనుమతింపకుండుటకు మీకు అధికారమెక్కడిదని కాన్సాస్ రాష్ట్రమునకు చెందిన ఒక వేటగాండ్ర సంఘము దావా వేసినది. "అనుమతింపవలెను" అని ఉన్నది గావున వెంటనే అనుమతింపుడని జిల్లా న్యాయమూర్తి ఆదేశించినాడు. న్యాయమూర్తిని మేము తప్పు పట్టజాలము. చట్టములో ఉన్న మాటను ఆయన చదివినాడు.

శాఖవారు ఉన్న కొద్ది దినములలో 200 తోడేళ్ళ పరిమితి నిర్ణయించినారు. అందులో 81, ఒడంబడికల ప్రకారము ఒజిబ్వే తెగల భాగము. మిగిలిన 119 లైసెన్సు పొందిన వేటగాండ్రకు. మునుపటి సంవత్సరములలో ఒక్కొక్క తోడేలునకు పది చొప్పున అనుమతులిచ్చు వాడుక. ఈసారి ఇరువది చొప్పున 2,380 అనుమతులకు నిశ్చయించినారు. 1,547 లైసెన్సులు అమ్ముడుపోయినవి. ఫిబ్రవరి 22న, సోమవారమునాడు, వేట ఆరంభమైనది. నేలపై మంచు క్రొత్తది. అడుగుల జాడ పుస్తకములో అక్షరమువలె స్పష్టము. వేటకుక్కలను ఉసికొలుపుటకు అంతకన్న అనువైన సమయము ఉండదు. చచ్చిన తోడేళ్ళలో నూటికి 86 కుక్కల సాయముతో చచ్చినవని తరువాత శాఖవారు ప్రకటించినారు. అది తోడేళ్ళు జతకట్టు మాసము కూడ. కడుపుతోనున్న ఆడ తోడేళ్ళు ఎన్ని పోయినవో ఆ 119 అను అంకెలో ఎక్కడను లేదు.

చంపినవాడు ఆ సంగతిని తెలియజేయుటకు 24 గంటల గడువు. శాఖవారు వేటను మూసివేయదలచినచో, ప్రకటన చేసిన తరువాత 24 గంటలు గడిచినగాని అది అమలునకు రాదు. అనగా లెక్క ఒక దినము వెనుకబడి వచ్చును. ఆజ్ఞ ఒక దినము ఆలస్యముగా నడచును. కుక్కలు మాత్రము ఆ దినమే పరుగెత్తును. రెండవ దినమున మూసివేత ప్రకటన వెలువడినది. మూడవ దినము మధ్యాహ్నమునకు వేట ముగిసినది. అప్పటికి 218 తోడేళ్ళు చచ్చినవి. తమకు చెందిన 119కి పైన 99. తెగల భాగమును కలుపుకొనినను 200కి పైన 18.

ఆ వేటగాండ్రు చట్టమును అతిక్రమించిరని చెప్పుటకు వీలు లేదు. అధిక భాగము వారు లైసెన్సు పుచ్చుకొని, గడువులోపల చంపి, గడువులోపల తెలియజేసినారు. తప్పు మనుష్యులదైనచో శిక్షతో సరిపోవును. ఇచ్చట "చాలు" అను మాటకు చట్టములో చోటే లేకపోయినది. ఆ మాట పలుకగల అధికారి చేతులు 24 గంటలు కట్టివేసి, "పొండు" అను మాటను మాత్రము శాసనసభ ముందుగానే పలికి కూర్చున్నది. అదే సమయములో రక్షణ తొలగిన పొరుగు రాష్ట్రములు మిచిగన్, మిన్నెసోటాలలో ఆ ఏడు వేట జరుగలేదు. మిన్నెసోటాలో తోడేళ్ళు ఇంచుమించు 2,700 ఉన్నవి. విస్కాన్సిన్ కన్న రెండింతలకు మించి. సంఖ్య ఎక్కువైనది గనుక వేట తప్పలేదను వాదము ఈ ఒక్క పోలికతో నిలువదు.

ఇంతమాత్రము చేత రైతు బాధను మేము తేలికగా చూచుచున్నామని ఎవరును అనుకొనరాదు. ఉత్తర విస్కాన్సిన్‌లో దూడను పోగొట్టుకొన్న రైతునకు ప్రకృతి సమతౌల్యము అను మాట చెప్పుటకు మాకు నోరు రాదు. రాష్ట్రము నష్టపరిహారమిచ్చుచున్నది, నిజమే. కాని రాత్రి నిద్ర పోయినందుకు పరిహారము లేదు. వేటగాండ్ర వాదములో కూడ ఒక సత్యమున్నది. తుపాకులపైన, తూటాలపైన విధించు పన్ను 1937 నుండి అమెరికా రాష్ట్రములలో వన్యమృగ సంరక్షణకు పెద్ద ఆదాయము. లైసెన్సు రుసుము మరియొక ఆదాయము. డబ్బిచ్చువాడు మాట చెల్లవలెనని కోరుట సహజము. ఐతే ఆ ఫిబ్రవరి వేట దూడలను చంపిన తోడేళ్ళను వెదకి చంపినది కాదు. మంచుపై జాడ దొరికిన తోడేలును చంపినది. దూడను తిన్నది ఒకటి, తూటా తిన్నది మరియొకటి కావచ్చును. యూసుఫ్ కథలోని తోడేలు ఇచ్చట మరల మనకు ఎదురగును. దొంగను పట్టుటకు బజారులో కనబడిన వానినెల్ల కొట్టుట రైతునకు ఏ విధముగ న్యాయము చేయునో మాకు బోధపడలేదు. ఇంకొక ముచ్చట. ఆ రాష్ట్రమువారు వేటకుక్కను తోడేలు చంపినచో కుక్కకు 2,500 డాలర్ల వరకు పరిహారమిచ్చుదురు. ఎలుగుబంటి వేటకు కుక్కలను తోడేళ్ళ నివాసములోనికి తామే తోలి, అవి చచ్చినప్పుడు ఆ లెక్కను తోడేలు నేరముల పట్టికలో వ్రాసికొనుట విచిత్రమైన గణితము.

ఒజిబ్వే వారి సంగతి వేరుగా చెప్పవలసినది. తోడేలును వారు మైంగన్ అందురు. ఆది మానవుడు భూమిపై సంచరించి సమస్త జీవులకు పేర్లు పెట్టినప్పుడు తోడేలు అతని వెంట సోదరుని వలె నడచినదనియు, పిదప ఇద్దరును వేర్వేరు దారుల పోయినను ఒకరికి జరిగినదే రెండవ వారికి జరుగుననియు వారి పురాగాథ. తెల్లవారి ప్రభుత్వము వారి భూములను 1837, 1842 ఒడంబడికలతో తీసికొన్నప్పుడు, ఆ భూములలో వేటాడు హక్కును వారు నిలుపుకొన్నారు. 1983లో న్యాయస్థానము ఆ హక్కును స్థిరపరచినది. ఆ హక్కు వలన వచ్చినవే ఈ 81 తోడేళ్ళు. ఒజిబ్వే వారు తమ భాగమును కోరి తీసికొన్నారు. తీసికొని ఒక్క తోడేలును చంపలేదు. బ్రతికించుటకే భాగము కోరినారు. ఆ భాగములోనికి కూడ ఇతరుల తూటాలు పోయినవి. మాకు ఈ వృత్తాంతమంతటిలో మనస్సును ఎక్కువగా కలచిన ఘట్టమిది. హక్కు అనగా వాడుకొనుట మాత్రమే అని చట్టము తలచినది. వాడుకొనకుండుట కూడ హక్కేనని తలచినవారికి ఆ పట్టికలో గడి లేదు. అల్పసంఖ్యాకుల హక్కులను గూర్చి పలుమార్లు చర్చించుకొను మన కళాశాలవారికి దీనిని ఇంతకు మించి వివరింప నక్కరలేదు.

ఆ సంవత్సరమే శరత్కాలపు వేటకు శాఖవారు 130 చాలునన్నారు. వారిపై నున్న ప్రకృతి వనరుల మండలి 300 కావలెనని నిర్ణయించినది. పదవీకాలము మే మాసముతోనే ముగిసినను మండలి అధ్యక్షుడు కుర్చీ దిగలేదు. దిగనవసరము లేదని మరుసటి ఏడు రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము కూడ చెప్పినది. ఆరు ఒజిబ్వే తెగలు కేంద్ర న్యాయస్థానమునకు పోయినవి. చివరకు అక్టోబరులో రాష్ట్ర న్యాయస్థానమొకటి ఆ వేటను నిలిపివేసినది. చూడుడు, "చాలు" అను మాట ప్రతిసారియు న్యాయస్థానమునుండియే రావలసి వచ్చుచున్నది! పరిపాలనలో దానికి స్థానము లేనప్పుడు వ్యాజ్యములో వెదకుకొనక తప్పదు. 2024 ఏప్రిలులో అమెరికా ప్రతినిధుల సభ తోడేలును జాబితానుండి తొలగించుటకు ఒక బిల్లును 209-205 ఓట్లతో ఆమోదించినది. దాని పేరు "శాస్త్రమును నమ్ముడు" అని. ఆ నిర్ణయముపై న్యాయస్థానములు విచారణ జరుపరాదని అందులోనే ఒక నిబంధన. శాస్త్రమును నమ్ముమనుట బాగున్నది. ప్రశ్నింపరాదనుట మాత్రము శాస్త్రము కాదు.

అసలు శాస్త్రము ఏమి చెప్పగలదు? 1999 నాటి ప్రణాళికలో తెగల ప్రత్యేక భూముల వెలుపల 350 తోడేళ్ళు అను అంకె లక్ష్యముగా ఉండినది. వేటగాండ్రు ఆ అంకెను నేటికిని వేదవాక్యముగా పట్టుకొన్నారు. 2023లో ఆమోదించిన క్రొత్త ప్రణాళికలో అట్టి ఒకే అంకెను పెట్టలేదని వారి ఆగ్రహము. ఎన్ని చంపిన ఎన్ని మిగులునో జంతుశాస్త్రము లెక్కకట్టి చెప్పగలదు. ఎన్ని మిగులవలెనో చెప్పుట దాని పని కాదు. అది ఆ నేలపై బ్రతుకు వారందరు కూర్చుండి తేల్చుకొనవలసిన విషయము. అదే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో 1933 నుండి బోధించిన ఆల్డో లియోపోల్డ్ యౌవనములో అటవీ ఉద్యోగిగా ఉండి, 1909లో అరిజోనాలో తోడేలును కాల్చినవాడే. తోడేళ్ళు తగ్గిన కొలది జింకలు పెరుగునని నాడు ఆయన నమ్మినాడు. పిదప జింకలు మేసి బోడిచేసిన కొండలను చూచి మనస్సు మార్చుకొన్నాడు. ఆయన మరణించిన మరుసటి సంవత్సరము, 1949లో, ఆ సంగతి వ్రాసిన గ్రంథము వెలువడినది. ఆయన లెక్కలు తప్పినవని కాదు. ఆయన అడిగిన ప్రశ్నయే మారినది.

మన దేశము సంగతి ఏమి? బహుమానపు పద్ధతిలో మనము విస్కాన్సిన్‌కు తీసిపోలేదు. ఆంగ్ల ప్రభుత్వము కాలములో, 1875 మొదలు 1925 వరకు, 2,00,000 తోడేళ్ళు చంపబడినట్లు చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్కించి చెప్పినాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991లో సవరించినప్పుడు వినోదపు వేట పూర్తిగా పోయినది. తోడేలు ఆ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నది. మనిషి ప్రాణమునకు అపాయకరమైనప్పుడు, పట్టుటకు గాని మత్తిచ్చి తరలించుటకు గాని వీలులేనప్పుడు, రాష్ట్రపు ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడు కారణములను వ్రాతపూర్వకముగా చూపి చంపుటకు అనుమతింపవచ్చును. గమనింపుడు: ఇచ్చట చంపుట "వచ్చును" క్రిందికి వచ్చినది, కారణము చూపుట "వలెను" క్రిందికి పోయినది. విస్కాన్సిన్ చట్టమును తలక్రిందులు చేసినట్లున్నది. 1976 రాజ్యాంగ సవరణతో వన్యమృగ రక్షణ ఉమ్మడి జాబితాలోనికి వచ్చినందున అమెరికాలోని బంతులాట కూడ మనకు తప్పినది. వాక్యనిర్మాణము దృష్ట్యా మన చట్టమే మేలని మా అభిప్రాయము.

అయినను గర్వపడుటకు తావు లేదు. 2024 వర్షాకాలములో ఉత్తర ప్రదేశ్‌లోని బహ్రాయిచ్ జిల్లా మహసీ ప్రాంతమున తోడేళ్ళు నిద్రించుచున్న పసిపిల్లలను ఎత్తుకొనిపోయినవి. తలుపులు లేని ఇండ్లు, ఆరుబయట పడకలు. అటవీశాఖవారు "ఆపరేషన్ భేడియా" అను పేర సెప్టెంబరు నాటికి ఐదింటిని పట్టినారు. కడపటి ఉపాయముగ కాల్చివేయుటకు కూడ ఆజ్ఞలు వెలువడినవి. ఆరవ తోడేలు అక్టోబరులో గ్రామస్థుల చేతిలో చచ్చినది. బిడ్డను పోగొట్టుకొన్న ఆ తల్లుల యెదుట యూసుఫ్ కథ చెప్పువాడు మూర్ఖుడు. అచ్చట తోడేలు నిజముగానే అపరాధి. ఐనను ఏ తోడేలు అను ప్రశ్న అచ్చటను అవసరమైనది. దానికి సమాధానము వెదకినందుననే ఆరుతో నిలిచినది. ఆ ఇండ్లకు తలుపులు లేకపోవుట తోడేలు నేరము మాత్రము కాదు.

మా బాల్యము కర్నూలు సీమలో గడచినది. బట్టమేక పిట్టల కొరకు 1988లో అభయారణ్యముగా ప్రకటించిన రోళ్ళపాడు గడ్డి మైదానములు మాకు దూరము కావు. ఆ మైదానములలో తోడేళ్ళు ఉన్నవి. వాని నడుమనే గొల్లలు, కురుబలు మందలు మేపుచున్నారు. మా నాన్నగారు బక్రీదునకు పొట్టేలును కొనుటకు ఏటేట ఒక కాపరి యొద్దకు పోవుచుండెడివారు. మేమును వెంట పోయెడివారము. ఒక ఏడు ఆయన మందలో రెండు పిల్లలు తగ్గినవి. "తోడేలు తీసికొనిపోయింది సాయిబూ. దాని పాలు అది తీసుకునింది" అని, కోపమును లేక, దయయును లేక, పన్ను కట్టినవాని వలె చెప్పినాడు. కంబళి దులుపుకొని లేచి, మిగిలినవానిని లెక్కపెట్టుకొన్నాడు. కొన్ని సంవత్సరముల తరువాత ఆయన కుమారుడు పరిహారము కొరకు ఒక కార్యాలయమునకు పోగా, కళేబరమును చూపుమన్నారట. తోడేలు తినగా మిగిలినది ఎక్కడ చూపగలడు? మూడుమార్లు తిరిగి మానుకొన్నాడు. అతడు తండ్రివలె "దాని పాలు" అనుట మేము వినలేదు. తండ్రి ఓర్పును కొడుకు నుండి ఊడబెరికినది తోడేలు కాదు, ఆ కార్యాలయపు గడప. మన చట్టములో "కారణము చూపవలెను" అను నియమము చంపు అధికారికి ఉన్నది, మంచిదే. నష్టపోయిన కాపరి మాట వినవలెను అని ఎవరికిని నియమము లేదు. విస్కాన్సిన్ మండలిలో ఒజిబ్వేకు ఎట్లో, మన కార్యాలయములలో గొల్లకు అట్లే గడి లేదు.

వేటను సంపూర్ణముగా నిషేధింపవలెనని గాని, సంపూర్ణముగా అనుమతింపవలెనని గాని మేము చెప్పుట లేదు. నాటి చర్చలో ప్రతికూల పక్షమునకు బహుమతి ఇచ్చుట సరియైనదేనా అని నేటికిని మాకు సందేహమున్నది. వారు చక్కగా మాటలాడినారు. కాని ఆ విద్యార్థిని ఒక్క వాక్యములో అడిగినది వారి గంటసేపటి ప్రసంగములలో లేదు. కావున కళాశాల సంఘమువారి అనుమతితో ఈ సంవత్సరపు చర్చాంశమును మార్చినాము. "వేట చట్టములో ఆపుమను అధికారము ఎవరిదై ఉండవలెను?" అని ప్రకటన పలకపై తెలుగున, ఉర్దూన వ్రాయించినాము. పాల్గొనగోరు విద్యార్థులు తమ పేర్లను తెలుగు శాఖలో ఇవ్వవచ్చును.